జేబుల తంగేడు పువ్వు

ములుగు,
12-9-1983

అమ్మ తర్వాత అమ్మ వంటి అక్కకు తమ్ముడు వెంకట్రాజం దండం పెట్టి రాసే సంగతులు.

నేను ఇక్కడ బాగనే ఉన్న. కిరాణం నడుస్తాంది. హనుమకొండల నీవూ బావా బాగున్నరని తలుస్త.

అక్కా, ఒక సంగతి చెప్పాలె. కోప్పడకు. విజయ పోయి మూడేండ్లాయె. పిల్లలా లేకపాయె. పొద్దంతా దుకాణంల పప్పు, ఉప్పు జోకుడే. షట్టర్ దించి ఇంట్లకు వస్తే మాట్లాడేటందుకు గోడ గడియారం తప్ప ఎవరు లేరు. అది గూడ మొన్న ఆగిపోయింది.

వారపత్రికల 'కలం స్నేహం' అని ఒక పేజీ వస్తది. ఊసుపోక నా పేరు, చిరునామా పంపిన. ఒకామె జవాబు రాసింది. పేరు అరుణ. షోలాపూర్‌ల ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. నలభై ఆరేండ్లు, పెండ్లి చేసుకోలే. ఎంత మర్యాదగ రాస్తదనుకున్నవు! మొదటి ఉత్తరంల మొదటి మాటే "అన్నం తిన్నరా?" అని. అక్కా, అది చదివి నేను గల్లపెట్టె మీద తల పెట్టుకొని ఏడ్చిన. దుకాణంల పనిచేసే కట్టయ్య మిరపకాయల ఘాటు అనుకొని తలుపులన్ని తెరిచిండు.

ఫోటో గూడ పంపింది. స్టూడియోల పూలకుండీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. జవాబు నేను నాలుగు పేజీలు రాసిన.

బావకు ఇప్పుడే చెప్పకు. నవ్వుతడు.

నీ తమ్ముడు
వెంకట్రాజం

తా.క.: ఆమెకు నా వయసు నలభై తొమ్మిది అని రాసిన. నిన్ను ఎవరన్న అడిగితే నీది గూడ ఆరేండ్లు తగ్గించి చెప్పు. లెక్క కలవాలె.


హనుమకొండ,
16-9-1983

చిరంజీవి తమ్మునికి అక్క ఆశీర్వాదం.

ఉత్తరం అందింది. ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఎరిగినోళ్లు ఎవరన్న ఉన్నరా, ఇవేవీ తెలుసుకోలే. అన్నం తిన్నరా అంటే కరిగిపోయినవు. విజయ పోయినకాన్నుంచి ప్రతి కార్డుల నేను అదే అడుగుతున్న. నాకు ఎన్నడన్న నాలుగు పేజీలు రాసినవా? "తిన్న" అని ఒక్క ముక్క రాస్తవు. అది గూడ సామాన్ల చీటీ వెనుక.

నాకు కోపం వస్తాంది. భద్రకాళమ్మ గుడికి పోయి వచ్చి రాస్తున్న కాబట్టి ఇంతటితోని ఆపుతున్న.

ఆమెకు వస్తువు, వాహనం, పైస, పాత్ర ఏదీ పంపకు.

అక్క
వరలక్ష్మి

తా.క.: నా వయసు నాదే. ఎవరి కోసం తగ్గించ. మీ బావగారు కార్డు డబ్బాల వేసొస్తనని చెప్పులేసుకొని నిలబడ్డరు. ఈ మధ్య పోస్టాఫీసు పనులన్ని ఆయనే చూసుకుంటున్నరు. నాకు తిప్పలు తప్పినయి.


ములుగు,
21-9-1983

పెద్దదిక్కయిన అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది.

అక్కా, నీ కాళ్లు మొక్కుత, కార్డు మీద రాయకు. పోస్టుమాన్ రాజమల్లు దాన్ని నాకియ్యకముందే బస్టాండు హోటల్ల గట్టిగ చదివిండు. జీపులెక్కేటోళ్లు, దిగేటోళ్లు అందరు "సేటూ, అన్నం తిన్నవా?" అని అడుగుతాన్రు. ఫారెస్టు గార్డు గూడ సైకిల్ ఆపి అడిగిండు.

అయినా నీ కార్డు చూసి నాకు పాణం లేచొచ్చింది. "ఎవరి బిడ్డ, ఏ ఊరు" అని అడిగినవంటే అది సంబంధం కుదుర్చుకునే మాటే గద! పెద్దదానివి, నేరుగ చెప్పలేక అట్ల రాసినవని నాకు అర్థమైంది. వెంటనే ఆమెను అడిగిన. అసలు ఊరు మన హసన్‌పర్తేనట! తల్లి అక్కడనే మంచంల ఉన్నది. ఆమెను దవాఖానల చూపించేటందుకు, బతుకమ్మ పండుగకు కలిపి సెలవు పెట్టి వచ్చింది. అన్న శ్రీనివాస్ కోపిష్టి మనిషట. నేను ఊర్లెకు వస్తే ఆమెను బతకనియ్యడట. అందుకే ఉత్తరాలు వరంగల్ పోస్టు బాక్సుకే రాయాలె. చూడు, ఎంత కష్టంల ఉన్నదో.

ఇగ అక్కా, ఇంటికి రావలసిన మనిషి మెడ బోసిగ ఉండొద్దు. విజయ బంగారు గుండ్లపేరు పెట్టెల ఊకె పడి ఉన్నది. అది అరుణకే ఇద్దామనుకుంటున్న. నీవు గూడ అదే అంటవని తెలుసు.

నీ దీవెన కోరే
వెంకట్రాజం

తా.క.: జుట్టుకు నల్లరంగు వేసిన. దిండు గలీబుకు గూడ అయింది. కట్టయ్య పొద్దున వచ్చి నన్నే చూసి "సేటు లేడా?" అని అడిగిండు.


హనుమకొండ,
26-9-1983

చిరంజీవి తమ్మునికి అక్క ఆశీర్వాదం.

కుదుర్చుకొమ్మని నేను రాయలే. మళ్ల చదువు. నీకు సమజ్ కాకుంటే రాజమల్లుతోని చదివించుకో, ఆయనకు చదువు బాగ వచ్చినట్టున్నది. నేను కార్డు మీదనే రాస్త. నలుగురు చదివితే నలుగురు నీ మీద కన్ను వేసి ఉంటరు.

రాజమల్లూ, నీవు చదువుతున్నవు గద. సేటు బంగారం పట్టుకొని బస్సెక్కితే దించు.

తమ్మీ, గుండ్లపేరు ఊకె పడి ఉన్నదని రాసినవు. ఆ మాట దగ్గర నా కండ్లకు ఏమీ కనబడలే. అది అమ్మ మెడల నుంచి తీసి, నీ పెండ్లిల విజయ మెడల నా చేతులతోని వేసిన. ఒక్కొక్క గుండు అమ్మ ఎట్ల కూడబెట్టిందో నీకు తెలువదు, నాకు తెలుసు. ముక్కూ మొఖం తెలవని మనిషికి ఇస్తవా? జపానికి కూసుంటే మాల తిరుగుతాంది గాని నోట్లె నీకు తిట్లే వస్తున్నయి. దేవునికి ఏం చెప్పుకోవాలె నేను?

నిన్న బస్సుల హసన్‌పర్తికి పోయి అడిగొచ్చిన. అరుణలు ఇద్దరు దొరికిన్రు. ఒకామె రెండో తరగతి. ఇంకొకామెకు మునిమనుమడు. షోలాపూర్ వార్డెన్‌ను ఎవరు ఎరుగరు.

మీ బావగారికి చెప్పక తప్పలే. అరుణ అన్న పేరు వినంగనే చేతిల ముద్ద పళ్లెంల పడ్డది. రెండు పూటలు తినలే. నీ గురించి అంత బాధపడుతున్నరు. ఆ మనిషిని చూసన్న బుద్ధి తెచ్చుకో.

అక్క
వరలక్ష్మి

తా.క.: పూజల వెండి దీపపు కుంది కనబడ్త లేదు. మీ బావగారే పాపం అటక మీద గూడ ఎక్కి వెతుకుతున్నరు.


ములుగు,
13-10-1983

అక్కకు తమ్ముడు వెంకట్రాజం నమస్కారం. ఈసారి క్షేమమని రాయ, ఎందుకంటే నేను క్షేమంగ లేను.

రాజమల్లు దినాం బస్టాండ్ల నా సంచి తడిమి చూస్తాండు. పల్లికాయ కొనేటందుకు పోతుంటె గూడ బస్సు దించిండు. "ఏందిరా" అంటే "అక్క ఆర్డర్" అంటడు. సర్కారు జీతం, మా అక్క నౌకరీ!

బావకు చెప్పొద్దంటే చెప్పినవు. ఆయన నాకు విడిగ ఉత్తరం రాసిండు. నీవే రాయించి ఉంటవు. "అరుణ చాల సున్నితమైన మనిషి. బెల్లం, చింతపండు అమ్మేటోనికి సరిపోదు. ఆమె జోలికి పోకు" అని. చూసినవా, చూడకుండనే ఆమె సున్నితమని బావకు తెలిసింది. నీకు మాత్రం తెలుస్త లేదు. అయినా కిరాణమంటే అంత చులకనా? తహసీల్ ఆఫీసుల గుమాస్తాగ దిగిపోయినాయన, కలెక్టరుగ దిగిపోయినట్టు రాసిండు.

హసన్‌పర్తిల ఎవరు ఎరుగరంటవు. చిన్నప్పుడే ఊరు విడిచిన మనిషిని ఎవరు ఎరుగుతరు? ఆమె రాసిన ముక్క ఎత్తి రాస్తున్న. చదివి నీవే కండ్లు తుడుచుకుంటవు:

"ఈ దినం బతుకమ్మ పండుగ ఆరో రోజు. తెల్లారకముందే లేచి తంగేడు, గునుగు, బంతిపూలు తెచ్చి మా వాడల అందరికన్న ఎత్తుగ బతుకమ్మను పేర్చిన. మీ పేరు తలుచుకొని పైన గౌరమ్మను పెట్టిన. ఆడవాళ్లందరు చుట్టు తిరిగి ఆడుతుంటె నేను మీ గురించే ఆలోచిస్తున్న. అన్నం తిన్నరా?"

ఇంతకన్న ఏం కావాలె అక్కా ఒక మనిషికి?

శ్రీనివాస్ మనసు గూడ మారిందట. దసరా పోయినంక గురువారం పొద్దున వరంగల్ స్టేషన్‌కు వస్తడు. గుండ్లపేరు ఆయన చేతికిస్తే, మంచంల ఉన్న తల్లికి చూపించి పెండ్లికి ఒప్పిస్తడు. నన్ను గుర్తుపట్టేటందుకు నేను అంగీ జేబుల తంగేడు పువ్వు పెట్టుకొని నీళ్ల నల్ల దగ్గర నిలబడాలె. నేను పోత. రాజమల్లు ఆపితే నడిచైన పోత.

తమ్ముడు
వెంకట్రాజం

తా.క.: వెండి కుంది దొరికిందా? ఒక్క కుంది కోసం బావను అటకలు ఎక్కించకు. ముసలాయన, పడితే ఎవరు చూస్తరు?


హనుమకొండ,
14-10-1983

వెంకట్రాజం,

ఆశీర్వాదం తర్వాత రాస్త. ముందు ఇది చదువు.

ఆరో రోజు బతుకమ్మ అలుగుతది. ఆనాడు మన దిక్కు ఏ ఇంట్ల పువ్వు తెంపరు. బతుకమ్మ పేర్చరు. ఆట లేదు, పాట లేదు, నైవేద్యం లేదు. గౌరమ్మ మొఖం తిప్పుకొని కూసున్న దినం అది.

చిన్నప్పుడు ఒక ఏడు తెలవక నీవు అలిగిన నాడు గునుగుపూలు కోసుకొచ్చి వాకిట్ల పోసినవు. అమ్మ నీ వీపు పగలగొట్టింది. ఏడ్చుకుంట ఆ పూలు మళ్ల ఎత్తుకపోయి చేన్ల వదిలిపెట్టి వచ్చినవు. యాది చేసుకో. వీపు తడుముకుంటే యాదికొస్తది.

హసన్‌పర్తిల పుట్టిన ఆడమనిషి అలిగిన నాడు అందరికన్న ఎత్తు బతుకమ్మ పేర్చిందట! వాడంత కలిసి ఆడిందట! తమ్మీ, ఆ ఉత్తరం రాసిన చెయ్యి ఎన్నడు బతుకమ్మను ముట్టలే. ఆ చేతికి గాజులుండవు. ఆ మొఖానికి మీసముంటది.

మీ బావగారికి ఆ ముక్క చదివి వినిపించిన. "షోలాపూర్‌ల ఉండి మరిచిపోయి ఉంటది, పాపం" అన్నరు. తొమ్మిది రోజుల పండుగల ఊపిరి తీసుకునేది ఆ ఒక్కనాడే, ఆడది మరుస్తదా అన్న. పేపరు అడ్డం పెట్టుకున్నరు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్. గురువారం వస్తున్న అని వానికి రాయి. గుండ్లపేరు పట్టుకొని నీవు స్టేషన్‌కు రావొద్దు. నేను పోత. మీ బావగారికి గురువారం సంగతి చెప్పలే. ఆయనది మెత్తని గుండె.

ఆశీర్వాదం.

అక్క
వరలక్ష్మి

తా.క.: ఇది రెండో కార్డు. మొదటిది కోపానికి సరిపోలే, చింపేసిన. సద్దుల బతుకమ్మకు పోతు నేనే డబ్బాల వేస్తున్న. రాజమల్లూ, చదివినవు గద, గురువారం దాక నోరు మూసుకో.


ములుగు,
17-10-1983

అక్కా,

కట్టయ్యతోని ఈ చీటీ పంపుతున్న. సంచిల కందిపప్పు అడుగున గుండ్లపేరు ఉన్నది. నీ దగ్గరనే ఉంచు.

వీపు యాదికొచ్చింది.

నిన్న ఆమె ఉత్తరాలు అన్ని ముందటేసుకొని చదివిన. అన్నింట్ల "అన్నం తిన్నరా" అని ఉన్నది. ఏం కూర అని ఒక్కదాంట్ల లేదు. విజయ అయితే కూర సంగతి అడగకుండ ఊకుంటదా? వండింది చాలదని ఇంకొకటి వండుతది. నేను ఇన్ని దినాలు అది ఎట్ల చూడలేదో నాకే తెలుస్త లేదు.

స్టేషన్‌కు నేను రాను. నా మొఖం నాకే చూసుకోబుద్ధయిత లేదు. జవాబు మాత్రం నీవు చెప్పినట్టే రాసిన.

వాన్ని కొట్టకు అక్కా. దొంగనే కావచ్చు. ఉత్తరం వచ్చిన నాడు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్న.

వెంకట్రాజం

తా.క.: కట్టయ్య ఇంట్ల తినే బయల్దేరిన అంటడు. నమ్మకు. పెట్టు.


హనుమకొండ,
27-10-1983

చిరంజీవి తమ్మునికి, కోపం ఇంకా దిగని అక్క ఆశీర్వాదం.

ఈసారి కార్డు కాదు, ఇన్‌లాండ్ లెటర్. మూడు దిక్కుల మైదా ఉడకబెట్టి అతికించిన. వెలుతురుకు పట్టి చూడొద్దని రాజమల్లుకు చెప్పు. ఎందుకో చివరల తెలుస్తది.

గురువారం భద్రకాళమ్మకు దండం పెట్టుకొని స్టేషన్‌కు పోయిన. మీ బావగారు భజన ఉన్నదని నాకంటె ముందే పోయిన్రు. మా వాడల పూలమ్మే సమ్మమ్మ, ఇంకొంతమంది ఆడోళ్లు నా వెంట వచ్చిన్రు. వద్దన్న. అలిగిన నాడు బతుకమ్మ పేర్చినోన్ని చూడాలన్నరు.

నీళ్ల నల్ల దగ్గర ఒకాయన అటు తిరిగి నిలబడ్డడు. జేబుల తంగేడు పువ్వు. మనసు మార్చుకొని నీవే వచ్చినవనుకొని, కొంగు నడుముకు చుట్టి పోయి "సిగ్గు లేదా" అన్న. తిరిగిండు. నీవు కాదు. జనగామ బట్టల సేటట. "ఉన్నదమ్మా" అన్నడు పాపం. పక్కన బెంచీ మీద ఇంకొకాయన, రిటైరైన హెడ్మాస్టరు. తంగేడు పువ్వు. తూకం మిషన్ దగ్గర ఇంకొకాయన. ఆయనకూ పువ్వే. అందరి చేతుల సంచులు. ఒకళ్ల మొఖం ఒకళ్లు చూస్త లేరు. ఫోటోలు తీయుండ్రి అన్న. అందరి జేబులల్ల అదే ఆమె, అదే పూలకుండీ.

రైలు చార్జీ కలిసొస్తదని వాడు అందరిని ఒక్కనాడే పిలిచిండు.

కొంతసేపటికి శ్రీనివాస్ రైలు దిగి నేరుగ నల్ల దగ్గరికే వచ్చిండు. సఫారీ డ్రస్సు, చంకల తోలుబ్యాగు. సన్న మీసం. నేను అరవలే. "బిడ్డా, నేను వెంకట్రాజం అక్కను. వస్తువు నా దగ్గరున్నది. ఒక్క మాట చెప్పు. మొన్న అలిగిన నాడు మీ ఇంట్ల బతుకమ్మను ఎంత ఎత్తు పేర్చిన్రు?" అని అడిగిన.

"మా వాడల అందరికన్న ఎత్తుగనమ్మా" అన్నడు, నవ్వుకుంట.

అంతే. సమ్మమ్మ "అలిగిన నాడా!" అన్నది. ఆడోళ్లంత వాని చుట్టు తిరిగిన్రు. రైల్వే పోలీసాయన వచ్చేదాక సందు ఇయ్యలే. నేను కొట్టలే, నీవు వద్దని రాసినవు గద. సమ్మమ్మ నీ ఉత్తరం చదవలే.

అరుణా వాడే, అన్నా వాడే, మంచంల తల్లీ వాడే. ఆ ఫోటో ఏ స్టూడియో కిటికీల నుంచి ఎత్తుకొచ్చిండో, ఆ ఆడమనిషికి తెలువనే తెలువదు.

ఫిర్యాదు రాయుండ్రి అని పోలీసాయన అడిగితే, ముసలోళ్లందరు ఒక్కసారిగ రైలు టైమైందన్నరు. తమ్మీ, శ్రీనివాస్ మీద రాని కోపం అప్పుడొచ్చింది. "కూసోండ్రి" అన్న. కూసున్నరు. "తోడు కావాలనుకునుడు పాపం కాదు. ఇంట్ల ఒక్కళ్లకన్న చెప్పకుండ దాచిపెట్టిన్రు. దాని మీదనే వీడు బతికిండు. ఇప్పుడు గూడ దాచిపెట్టి పోతే రేపు ఇంకొక ముసలాయన ఈ నల్ల దగ్గరనే నిలబడతడు. రాయుండ్రి" అన్న. ముందుగాల హెడ్మాస్టరు రాసిండు. ఆయన రాసింది చూసి మిగిలినోళ్లు రాసిన్రు. నీ పేరు నేను రాసిన. వచ్చి సంతకం పెట్టాలె. వస్తవు. రాకుంటే రాజమల్లుకు కార్డు రాస్త.

ఇగ ఈ ఇన్‌లాండ్ సంగతి.

అందరు రాసినంక పోలీసాయన అన్నడు, "అమ్మా, స్తంభం ఎనుక ఇంకొకాయన ఉన్నడు, గొడుగు తెరుచుకొని." వాన లేదు. పైన రేకుల కప్పు. గొడుగును నేను గుర్తుపట్టిన, విరిగిన పిడికి దారం చుట్టింది నేనే. గొడుగు కింద జేబు. జేబుల తంగేడు పువ్వు. చేతిల పాత తువ్వాలల చుట్టిన నా వెండి కుంది.

మీ బావగారు.

నీకంటె ముందు నుంచే రాస్తున్నరట. దిండు గలీబు సంగతి నీవు రాసిన నాడే నేను ఆలోచించవలసింది. ఈయన గలీబుకు గూడ నలుపు అంటింది, ఉతికేది నేనే గద. బొగ్గు పండ్లపొడి అన్నరు, నమ్మిన.

తన భార్య పోయి మూడేండ్లయిందని ఆమెకు రాసిన్రట. నీ కథనే తన కథ చేసుకున్నరు. నేను పోయిన నాడు ఎట్ల ఏడ్చిన్రో రెండు పేజీలు రాసిన్రు. ఆ ఉత్తరం తోలుబ్యాగుల దొరికితే పోలీసాయన చదివి వినిపించిండు. మంచిగ రాసిన్రు. సమ్మమ్మ కండ్లు తుడుచుకున్నది.

ఫిర్యాదు మీద ఆయనతోని గూడ సంతకం పెట్టించిన. పెన్ను నేనే ఇచ్చిన.

కుంది చింతపండుతోని తోమి దీపం పెట్టుకున్న. గౌరమ్మ ఏడాదికి ఒక్కనాడు అలుగుతది. నేను పెండ్లయినకాన్నుంచి ఒక్కనాడు అలగలే, అవన్ని జమ ఉన్నయి. పోయిన మనిషి వంట చేయదు గద. అందుకే వారం సంది చేస్త లేను. పొయ్యి మీ బావగారిదే.

నీవు దుకాణం కట్టయ్యకు అప్పజెప్పి రా. ఇక్కడనే కొన్నాళ్లు ఉండు. గడియారం గూడ తెచ్చుకో, చౌరస్తాల బాగుచేయిద్దాం. మీరిద్దరు మాట్లాడుకునేటందుకు చాన ఉన్నది. ఎవరు సున్నితం, ఎవరు బెల్లం అనేది మీరే తేల్చుకోండ్రి.

ఇట్లు,
పోయి మూడేండ్లయిన నీ అక్క
వరలక్ష్మి

తా.క.: అన్నం తిన్నవా? ఏం కూర? నాలుగు పేజీలు రాయి.